అద్దెకారులో మఱచిన సంచి

సొమ్ము పోగొట్టుకొన్నవానికి గల హక్కులను గూర్చి ధర్మశాస్త్రకారులును న్యాయవాదులును చిరకాలమునుండి విచారించుచునే యున్నారు. దొరికిన సొమ్మును దొరికినవాడేమి చేయవలయునో అదియు వారు చెప్పిరి. కాని సొమ్ము పోగొట్టుకొన్న మనుష్యుడు చేయరాని పనులును కొన్ని కలవని నాకు ఇటీవలివఱకు తోచలేదు. స్వానుభవమువలననే అది తెలిసినది. స్వానుభవమనగా నేను పడిన కష్టమని చదువరులు తలంపవలదు. నావలన మఱియొకడు పడిన కష్టము.

గడచిన సంవత్సరము బంధువుల యింట నొక వివాహము నిమిత్తమై మా తల్లిగారిని వెంటబెట్టుకొని గోదావరి ప్రాంతమునకు పోవలసివచ్చెను. ఆమెకు ఎనుబది యేండ్లు దాటినవి. బస్సు లెక్కి దిగు నోపిక లేదు. సికింద్రాబాదునుండి రైలులో విజయవాడకు పోయి, అక్కడ నొక సంస్థవారియొద్ద నాలుగు దినములకు కారును అద్దెకు తీసికొంటిని. నడుపువాడు లేకయే యిచ్చు బండి యది. నల్లని పలకపై పసుపుపచ్చని యక్షరములతో సంఖ్య వ్రాసియుండు జాతిది. ఏలూరు, తాడేపల్లిగూడెము, రావులపాలెము మీదుగ రాజమహేంద్రవరము పోయి, పెండ్లి చూచుకొని, అమలాపురము ప్రాంతమున నున్న చుట్టములను పలుకరించి, నాలుగవనాటి సాయంకాలమునకు మరల విజయవాడ చేరితిమి.

బండి నప్పగించునపుడు సంస్థవారి మనుష్యుడొకడు సెల్‌ఫోను చేతబట్టుకొని దానిచుట్టు ప్రదక్షిణము చేసెను. ముందరి తలుపుమీది గీత నొకదానిని, వెనుకచక్రముపైని సొట్ట నొకదానిని వంగి వంగి చూచి ఛాయాచిత్రములు తీసెను. అవి రెండును పాతవే యని తొలినాటి చిత్రములతో పోల్చుకొని తృప్తిపడెను. పెట్రోలు ముల్లు ఎక్కడ నిలిచినదో చూచెను. బండి లోపల నేమున్నదో అతడు చూడలేదు; నేనును చూడలేదు. నా మనస్సు రైలుమీద నుండెను. అతడు చూపినచోట చేవ్రాలు చేసి, తాళముచెవి యిచ్చి, మా తల్లిగారిని చేయిపట్టి ఆటో యెక్కించితిని.

ఖమ్మము దాటిన పిదప మా తల్లిగారు మందుబిళ్లకై తమ గుడ్డసంచి నడిగిరి. అప్పుడు నాకు జ్ఞాపకము వచ్చెను. ఆ సంచి కారులో ముందరి సీటు క్రింద నున్నది. దొంగల కంట పడకుండుటకై దానిని క్రిందికి త్రోసినవాడను నేనే. అందు మందులతో పాటు ఆమె పెండ్లినాటి నాలుగు బంగారు గాజులును, మా తండ్రిగారి చేతిగడియారమును ఉన్నవి. గాజులు పెండ్లికూతురికి చూపుటకై తెచ్చినవి. గడియారము ఆగిపోయి చాలకాలమైనది. ఆమె దానిని విడిచి యెక్కడికిని పోరు.

సంస్థవారికి ఫోను చేసితిని. మా పిలుపు వారికెంతో విలువైనదని యొక యంత్రకంఠము పలుమారు చెప్పెను. మనుష్యకంఠము పలుకలేదు. తెల్లవారుజామున ఆమెను ఇంట దిగవిడిచి, మరల రైలెక్కి, మధ్యాహ్నమునకు ఆ కార్యాలయము చేరితిని.

అప్పటికి కారు అక్కడ లేదు. రాత్రియే దానిని కడిగి తుడిచిరి. సూర్యోదయమునకు ముందే వేఱొకరు అద్దెకు తీసికొని పోయిరి. మేనేజరు మర్యాదగలవాడు. నన్ను కూర్చుండబెట్టి, మంచినీళ్లిప్పించి, నేను చేవ్రాలు చేసిన ఒడంబడికలోని వాక్యము నొకదానిని చదివి వినిపించెను. బండిలో మఱచిన వస్తువులకు సంస్థ బాధ్యత వహింపదని దాని సారాంశము. నా యెదుటనే ఆ క్రొత్త అద్దెదారునకు ఫోనుచేసి, "అయ్యా, మీకు అంతరాయము కలిగించుచున్నందుకు క్షమింపవలెను" అని మొదలుపెట్టి, సీటు క్రింద నేమైన నున్నదేమో చూడుమని ప్రార్థించెను. ఏమియు లేదని జవాబు వచ్చెను. ఆ జవాబును మేనేజరును నమ్మెను, నేనును నమ్మితిని. ఎందుకు నమ్మితిమో అప్పుడు మేమెవ్వరము ఆలోచింపలేదు.

అప్పుడు నేనొక మాట అంటిని: "ఇంక సందేహమేమి? మీ కారు కడుగువాడే తీసియుండును."

ఆ వాక్యము నా నోటినుండి యెంత సులభముగ వెడలినదో తలచుకొన్నప్పుడు నాకు నేడును సిగ్గు కలుగుచున్నది. ఆ సంచికిని నాకును నడుమ ముగ్గురు మనుష్యులున్నారు. ఒకడు ఛాయాచిత్రములు తీసినవాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో సంస్థవారి బిళ్ల. రెండవవాడు క్రొత్త అద్దెదారు. ఆయనను నేను చూడనైన లేదు. మూడవవాడు పెరటిలో బండ్లు కడుగు పందొమ్మిది ఇరువది యేండ్ల కుఱ్ఱవాడు. నా యనుమానము మొదటివానియొద్ద నిలువక, రెండవవానిని తాకక, తిన్నగా పోయి మూడవవానిమీద వ్రాలినది. నీరు పల్లమెఱుగును, నిజము దేవుడెఱుగును అన్న సామెత మనవారు వేఱొక యర్థములో వాడుదురు. అనుమానమునకును పల్లము తెలియునని నేను ఆనాడు గ్రహించితిని.

వానిని పిలిపించిరి. రాత్రింబగళ్లు నీటిలో నానుటచేత వాని పాదములు తెల్లబారి ముడుతలుపడి యుండెను. వాడు చెప్పినది చాల కొద్ది. "ఒక్కో బండికి ఇరవై నిమిషాలేనండి నాకు. చాపలు తీసి దులుపుతాను, పైన తుడుస్తాను. సీటు కింద చెయ్యి పెట్టలేదండి." ఈ మాటలు నిజము కావచ్చును. కాకపోవచ్చును. కాని విన్నవెంటనే అబద్ధమని నేను నిశ్చయించితిని. ఫిర్యాదు వ్రాయించుటకు పోలీసుస్టేషనునకు పోయితిమి, వానినిగూడ తోడ్కొనిపోయిరి. ఎవరిమీదనైన అనుమానము కలదా యని నన్నడిగిరి. నేను వానిని చూపితిని. చీకటి పడువఱకు వానిని బల్లప్రక్కన నేలమీద కూర్చుండబెట్టిరి. వాని నెవరును కొట్టలేదు. వచ్చినవారును పోయినవారును మాత్రము "నిజం చెప్పరా" అని యొక్కొక్కమా టనుచు పోయిరి. నేను కుర్చీమీద కూర్చుండి తేనీరు త్రాగితిని.

సంచి దొరకలేదు, నేటికిని దొరకలేదు. ఎవరు తీసిరో నాకు తెలియదు. మూడవనాడు మేనేజరు ఫోనుచేసి నన్నోదార్చెను. ఆ కుఱ్ఱవానిని పనిలోనుండి తీసివేసితిమని, నా నష్టమునకు ప్రతిఫలముగ నేదో యిచ్చుచున్నట్లు, చెప్పెను.

చదువరులారా, కడుగువాడు బీదవాడు గనుక నిర్దోషియే యని నేను వాదించుటలేదు. బీదతనము నేరమునకు సాక్ష్యము కానట్లే నిర్దోషిత్వమునకును సాక్ష్యము కాదు. ఆ గాజుల వెల వాని కొన్ని సంవత్సరముల జీతము, వాడు తీసియుండవచ్చును. ఆ యిస్త్రీ చొక్కావాడు తీసియుండవచ్చును. ఏమియు లేదని పలికిన పెద్దమనిషి ఆ మాట పలుకునప్పుడు సంచి ఆయన యొడిలోనే యుండియుండవచ్చును. ముగ్గురిలో ఏ యొక్కరిపైనను నాయొద్ద నొక్క గుఱుతు లేదు. సాక్ష్యము ముగ్గురియెడ సమానమై యుండగా నేను ఒక్కనిని ఏఱి చూపితిని. ఆ యేఱుటలో వాని యపరాధము లేదు; నాదే యున్నది.

అక్కఱ మనుష్యుని దొంగను చేయునన్న నమ్మకము మనలో బలముగ నాటుకొనియున్నది. దానిని పరీక్షించినవారున్నారు. 2019లో సైన్సు అను పత్రికలో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, 40 దేశములలో, 355 పట్టణములలో, 17,000 పైచిలుకు పర్సులను బ్యాంకులు, హోటళ్లు మొదలగు కార్యాలయములలో "ఇది వీధిలో దొరికినది" అని యిచ్చిపోయిరి. కొన్నింటిలో డబ్బుండెను, కొన్నింటిలో లేకుండెను. డబ్బు లేనివానికంటె డబ్బున్నవే యెక్కువగ సొంతదారునకు తిరిగివచ్చినవి. అర్థశాస్త్రజ్ఞులు సైతము ఈ ఫలితమును ముందుగ నూహింపజాలకపోయిరి. దీనినిబట్టి లోకమంతయు సాధువులతో నిండియున్నదని చెప్పరాదు. తిరిగిరానివియు వేలకొలది కలవు. కాని యెదుటివాని హృదయమును గూర్చి మనము వేయు లెక్క తప్పుట కెంతటి యవకాశము కలదో దీనివలన తెలియును.

ప్రాచీనులు ఈ విషయమున మనకంటె జాగరూకులుగ నున్నారని చెప్పినచో కొందఱు మిత్రులు నన్ను ఛాందసుడందురు. మనుస్మృతిలో నేడు తలయెత్తి చెప్పుకొనదగని విషయములు అనేకములు కలవు. వానిని సమర్థించుట నా పని కాదు. కాని సొంతదారు తెలియని సొమ్మును గూర్చి ఎనిమిదవ అధ్యాయమున చెప్పినది గమనింపదగినది. అట్టి సొమ్మును రాజు మూడు సంవత్సరములు భద్రపఱచవలెను. అది నాదియని వచ్చినవాడు దాని రూపమును, సంఖ్యను, పోయిన చోటును సరిగా చెప్పవలెను. చెప్పలేనివానికి ఆ సొమ్ము విలువకు సమానమైన దండము. అనగా సొమ్ము పోయినదని మొఱపెట్టువానినే ధర్మము మొట్టమొదట పరీక్షకు నిలిపినది. నన్నెవరును పరీక్షింపలేదు. సంచిలో గాజులు నిజముగ నున్నవా, దానిని కారులోనే విడిచితినా, ఆటోలో విడిచితినా, రైలుస్టేషనులో విడిచితినా యని నన్నెవరైన గట్టిగ నడిగియుండిన, నా నిశ్చయము కొంత సడలియుండెడిది. నా జ్ఞాపకశక్తి యెంతటిదో ఆ దినమే ఋజువైనది కదా! సంచి మఱచినవాడు, దానిని మఱచిన చోటును మాత్రము తప్పక జ్ఞాపకముంచుకొనియుండునని అందఱును ఎట్లు నమ్మిరో!

మన శిక్షాస్మృతియు దొరికించుకొన్నవానియెడ తొందరపడదు. 1860 నాటి శిక్షాస్మృతిలో 403వ సెక్షనుగ నుండి, 2024 జులై 1వ తేదీనుండి భారతీయ న్యాయసంహితలో 314వ సెక్షనుగ నున్న విధి యేమనుచున్నది? సొంతదారునకు చేర్చుటకై, లేక కాపాడుటకై వస్తువును తీసినవాడు నేరస్థుడు కాడు. సొంతదారుడెవడో తెలిసియు, లేక తెలిసికొనుటకు తగిన యత్నము చేయకయు దానిని స్వంతము చేసికొన్నవాడే నేరస్థుడు. విలువైన యుంగరము దొరకగా సొంతదారుని వెదకక వెంటనే అమ్ముకొన్నవానిని అందు ఉదాహరణముగ చూపిరి.

ఉంగరమనగానే మనకు జ్ఞప్తికి వచ్చునది శాకుంతలము. శచీతీర్థమున జారిన యుంగరము చేప కడుపున చేరినది. దానిని అమ్మజూపిన జాలరిని రాజభటులు పెడచేతులు కట్టి కొట్టుచు తెచ్చిరి. రాజమందిరమునుండి ఆజ్ఞ వచ్చువఱకు వాడు దొంగయే. ఆ ఘట్టమును చూచి మనము నవ్వుదుము. కవియు నవ్వించుటకే వ్రాసెను. కాని ఆలోచింపుడు: ఆ నాటకములో మఱచినవాడు రాజు, పోగొట్టుకొన్నది మునికన్యక, దెబ్బలు తిన్నది చేపలు పట్టువాడు. మఱపునకు శాపము కారణమని రాజునకు మన్నింపు దొరకినది. జాలరికి ఉంగరముపాటి వెలగల బహుమానము దొరకినది. అందు సగము తన్ను కట్టితెచ్చినవారికే యిచ్చుకొనవలసివచ్చెను. నా కుఱ్ఱవానికి ఆ బహుమానమైనను లేదు.

ఇంక సంస్థవారి సంగతి. నన్ను నేను నిందించుకొనుటచేత వారు తప్పించుకొనిపోరాదు. పోయిన వస్తువు వేఱు, మఱచిన వస్తువు వేఱని 1866లో అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్ర న్యాయస్థానము తీర్పు చెప్పినది. మంగలి దుకాణములో బల్లపై నొకడు పర్సును పెట్టి మఱచిపోయెను. మఱియొక గిరాకీ దానిని చూచి, సొంతదారునకిమ్మని మంగలికిచ్చెను. సొంతదారు రాలేదు. నాకు దొరికినది గనుక నాదేయని ఆ గిరాకీ దావా వేయగా, బుద్ధిపూర్వకముగ పెట్టి మఱచిన వస్తువును, మఱచినవాడు తిరిగివచ్చువఱకు, ఆ చోటుగలవాడే భద్రపఱచవలెనని న్యాయస్థానము నిర్ణయించినది. మఱచినవాడు జ్ఞాపకము రాగానే పరుగెత్తివచ్చునది ఆ చోటికే కదా! అద్దెకారు సీటు క్రిందకు ఈ తర్కము చక్కగ సరిపోవును.

మన 1872 నాటి కాంట్రాక్టు చట్టములోని 71వ సెక్షను, ఇతరుల వస్తువు దొరకగా దానిని తన స్వాధీనమునకు తీసికొన్నవాడు, అప్పగింతగ పుచ్చుకొన్నవానివలెనే దానిని కాపాడవలెనని చెప్పుచున్నది. మంచి నియమమే. కాని దీనిలో నొక చిక్కు కలదు. చూచి తీసినవానికి బాధ్యత; కన్నులు మూసికొన్నవానికి ఏమియు లేదు. కావుననే బండి వెలుపలి గీతలను భూతద్దముతో వెదకు సంస్థ, లోపలికి తొంగిచూడదు. తనకు రావలసిన సొమ్ము గీతలలో నున్నది. ఇతరులకు ఈయవలసినది సీటు క్రింద నున్నది. తన పెరటిలో, తన మనుష్యుల చేతులలో, తాళముచెవి తన మేకునకు వ్రేలాడుచుండగా జరిగినదానికి బాధ్యత లేదని ముందే వ్రాయించుకొనుట, పోయిన వెంటనే కడుగువానిని పనినుండి తీసివేయుట — ఈ రెండును ఒక్క చేతితో చేసిన పనులే. బాధ్యత పైనుండి జాఱి అందఱికంటె క్రిందివానిమీద పడినది. మేనేజరును నేనును దానిని జాఱుటకు వదలితిమి.

దీనిని సరిచేయుటకు గొప్ప సంస్కరణము లక్కఱలేదు. గుఱ్ఱపుబండ్ల కాలమున, 1853లోనే, లండను నగరపు అద్దెబండ్ల చట్టము, ప్రయాణికులు మఱచిన వస్తువులను బండివాడు పోలీసులయొద్ద చేర్చవలెనని విధించినది. జపానులో దొరికిన వస్తువును పోలీసులకప్పగించినవానికి దాని విలువలో నూటికి 5 మొదలు 20 వఱకు సొంతదారుడు బహుమానమిచ్చునట్లు శాసనము కలదు. మూడు మాసములలో సొంతదారు రానిచో సాధారణముగ ఆ వస్తువు దొరికినవానికే చెందును. అచ్చట తెచ్చియిచ్చుట మర్యాదయైన పని. తెచ్చినవానిని ఎక్కడ తెచ్చితివిరా యని గద్దింపరు. మనయొద్ద బండి నప్పగించునప్పుడు ఇరువురును కలిసి తలుపులు నాలుగును తెఱచి, సీట్ల క్రింద చేయిపెట్టి చూచి, "లోపల నేమియు లేదు" అని రసీదుమీద నొక పంక్తి వ్రాసికొనిన చాలును. మూడు నిమిషముల పని. ఆ పంక్తి నన్నును రక్షించును, సంస్థనును రక్షించును. అన్నిటికంటె ముందు, పెరటిలో గొట్టము పట్టుకొని నిలువబడినవానిని రక్షించును.

అట్లయిన ఫిర్యాదే చేయరాదా యని యొక న్యాయవాదిమిత్రుడు నన్నడిగెను. చేయవలెను. ఏ గంటకు అప్పగించితిని, సంచి యెక్కడ నుండెను, అందేమున్నది, తరువాత బండి ఎవరెవరి చేతులు మాఱినది — ఇదియంతయు చెప్పవలెను. ఎవరిమీదనైన అనుమానము కలదా యని యడిగినప్పుడు మాత్రము, చూడనివాడు చూడలేదనియే చెప్పవలెను. అనుమానము చెప్పుట నేరారోపణ కాదని ఆ మిత్రుడు వాదించెను. చట్టములో కాకపోవచ్చును. నేలమీద కూర్చున్నవానికి ఆ భేదము తెలియలేదు.

మా తల్లిగారికి ఈ కథయంతయు చెప్పుటకు నాకు నాలుగు దినములు పట్టినది. సంచి పోయినదని విని ఆమె మాటలాడలేదు. గడియారమును గూర్చి మాత్రము ఒకసారి యడిగిరి. కుఱ్ఱవానిని పనినుండి తీసివేసిరని చెప్పగానే తలయెత్తి, "వాడు తీయగా నీవు చూచితివా, నాయనా?" అనిరి. లేదంటిని. "దొంగకు ఒకటే పాపము, సొమ్ము పోయినవానికి పది పాపములని మా అమ్మ అనెడిది" అని గోడవైపు తిరిగి పండుకొనిరి.

రెండు మాసముల పిదప నేను మరల విజయవాడకు పోయితిని. ఆ కుఱ్ఱవానిపై నాయొద్ద ఏ యాధారమును లేదనియు, నా మాటవలన వాని జీవనము పోవుట అన్యాయమనియు, వానిని తిరిగి తీసికొనవలసినదనియు ఒక లేఖ వ్రాసి తీసికొనిపోయితిని. మేనేజరు దానిని చదివి, నా సౌజన్యమును కొనియాడి, సొరుగులో పెట్టెను. వాడిప్పుడు గుంటూరు వైపు ఏదో మిల్లులో నున్నాడని విన్నామనెను. వాని ఫోను సంఖ్య ఇచ్చిరి, అది పలుకలేదు.

పోవుచు పెరటిలోనికి చూచితిని. క్రొత్త పిల్లవాడొకడు తెల్లకారు తలుపులు తెఱచి చాపలు దులుపుచుండెను. దగ్గఱకు పోయి, "సీటు క్రింద చూచుచున్నావా, అబ్బాయీ?" అని యడిగితిని. మంచిమాటగనే యడిగితినని నా యుద్దేశము. వాడు ఉలికిపడి వెనుకకు తగ్గి, చేతిలోని చాపను క్రింద పడవైచి, రెండు చేతులును విప్పి నాకు చూపెను.